డ్రిప్ నుంచి గొర్రెల షెడ్డు దాకా: ప్రభుత్వ సాయం మీ చేతికి రావాలంటే ఏం చేయాలి

రైతుకి, పశువులు మేపుకునేవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే సాయం తక్కువేం కాదు. డ్రిప్‌కి ఉంది, నీటి గుంటకి ఉంది, గేదెల షెడ్డుకి ఉంది, గొర్రెల ఫారానికి ఉంది, దాణా కొనుక్కోవడానికి నాలుగు శాతం వడ్డీకి అప్పు కూడా ఉంది. అయినా ఊళ్లో ఎవరిని అడిగినా "మాకెక్కడొస్తాయండీ, అవన్నీ తెలిసినోళ్లకే" అంటారు. ఆ మాటలో కొంత నిజం ఉంది, కాదనను. కానీ నేను చూసినంతలో ఎక్కువ ఫైళ్లు ఆగిపోయేది పలుకుబడి లేక కాదు. పాసుపుస్తకం ఇంకా నాన్న పేరు మీదే ఉంటుంది, లేదా ఆధార్‌లో ఒకలా బ్యాంకులో ఒకలా పేరు ఉంటుంది, లేదా మంజూరు రాకముందే పైపులు కొనేసి ఉంటారు. ఇవన్నీ మన చేతిలో ఉన్న పనులే, కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటికీ పనికొచ్చేలా రాస్తున్నాను, తేడా ఉన్నచోట చెబుతాను.

ముందు పొలం, తర్వాత పథకం

చాలామంది ఈ సంవత్సరం ఏ పథకం వచ్చిందో కనుక్కుని, దానికి తగ్గట్టు పని పెట్టుకుంటారు. గొర్రెలకి సబ్సిడీ అంటే గొర్రెలు, షెడ్‌నెట్ అంటే షెడ్‌నెట్. ఇది తలకిందుల వ్యవహారం. మీ పొలానికి అసలు లోటు ఏమిటో ముందు చూడండి. బోరు రెండు గంటలకే గాలి కొడుతోందా? అయితే మీకు కావాల్సింది ఇంకో బోరు కాదు, ఉన్న నీళ్లు సరిపోయేలా డ్రిప్పు, వాన నీళ్లు ఆగడానికి గుంట. (ఇంకో బోరు వేయాలన్నా నీరు, భూమి, చెట్ల పరిరక్షణకి తెచ్చిన వాల్టా చట్టం, 2002 ప్రకారం అనుమతి తీసుకోవాలి.) గేదెలు ఉన్నాయి కానీ ఎండాకాలం గడ్డి కొనలేక అమ్మేస్తున్నారా? అయితే మీ సమస్య షెడ్డు కాదు, పచ్చిమేత. ఈ లెక్క ఒక కాగితం మీద రాసుకుని ఆఫీసుకి వెళ్తే, ఏదో ఒకటి ఇప్పించండి సార్ అని కాకుండా నాకిది కావాలి అని అడగగలుగుతారు. అలా అడిగేవాళ్లకే పని త్వరగా అవుతుంది.

కాగితాలు ఎండాకాలంలోనే సర్దుకోండి

దరఖాస్తులు తెరిచాక కాగితాల కోసం తిరగడం అంటే చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. పొలం పనులు లేని ఏప్రిల్, మే నెలల్లో ఈ పని పూర్తి చేసేయండి.

మొదట భూమి రికార్డు. ఆంధ్రలో అయితే 1బి, అడంగల్ తీసి చూడండి, తెలంగాణలో అయితే భూ భారతి పోర్టల్‌లో చూడండి. సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు పేరు మూడూ సరిగా ఉన్నాయో లేదో చూసుకోవాలి. భూమి ఇంకా చనిపోయినవాళ్ల పేరు మీదే ఉంటే వారసత్వ మ్యుటేషన్ (రికార్డు వారసుల పేరుకి మారడం) అయ్యేదాకా మిగతావన్నీ పక్కన పెట్టండి, అది కాకుండా ఏ దరఖాస్తూ ముందుకు కదలదు. అన్నదమ్ములు నోటిమాటతో పంచుకుని ఎవరి ముక్క వాళ్లు చేసుకుంటుంటారు, రికార్డులో మాత్రం అంతా పెద్దాయన పేరు మీదే ఉంటుంది. అలాంటప్పుడు ఒక్కరికే సబ్సిడీ వస్తుంది, పైగా మొత్తం భూమి లెక్కన చూసి ఆయన్ని పెద్ద రైతు కింద కట్టి శాతం కూడా తగ్గిస్తారు. హెక్టారు లోపు ఉంటే సన్నకారు, రెండు హెక్టార్ల లోపు అంటే సుమారు ఐదెకరాల లోపు ఉంటే చిన్నకారు. ఆ గీత దాటారా లేదా అన్నదాని మీదే చాలా డబ్బు ఆధారపడి ఉంటుంది.

తర్వాత బ్యాంకు ఖాతా. ఖాతాకి ఆధార్ లింక్ అయి ఉంటే సరిపోదు, నేరుగా జమయ్యే డబ్బు (డీబీటీ) ఆ ఖాతాలోకే వచ్చేలా ఎన్‌పీసీఐ మ్యాపింగ్ కూడా ఉండాలి. రెండు మూడు బ్యాంకుల్లో ఖాతాలున్నవాళ్లకి ఇది చివరిసారి లింక్ చేసిన ఖాతాకి వెళ్లిపోయి, డబ్బు పడలేదని ఇంకో ఖాతా చూసుకుంటూ కూర్చుంటారు. బ్యాంకుకి వెళ్లి "డీబీటీ ఏ ఖాతాకి ఉంది?" అని ఆ మాటే అడగండి.

ఫార్మర్ రిజిస్ట్రీలో పేరు నమోదు చేయించుకుని ఐడీ నంబరు తెచ్చుకోండి. ఆంధ్రలో రైతు సేవా కేంద్రంలో, తెలంగాణలో వ్యవసాయ విస్తరణ అధికారి (ఏఈఓ) దగ్గర చేస్తారు. కుల ధ్రువీకరణ పత్రం, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫొటోలు ఇవన్నీ ఒక ఫైలులో పెట్టి, రెండేసి జెరాక్సులు తీసి ఉంచండి.

కౌలు రైతులకి ఒక మాట. ఆంధ్రలో సాగుదారు హక్కు కార్డు, అంటే సీసీఆర్‌సీ, 2019 చట్టం కింద పదకొండు నెలలకి ఇస్తారు. పంట రుణానికి, పంట నష్ట పరిహారానికి అది పనికొస్తుంది. కానీ డ్రిప్పు, నీటి గుంట లాంటివి భూమిలో స్థిరంగా ఉండిపోయేవి కాబట్టి యజమాని ముందుకు రాకుండా అవి అవవు. కౌలు రైతుకి న్యాయంగా అందాల్సిన దాంట్లో ఇది పెద్ద లోటు, నాకు బాధ కలిగించే విషయం కూడా. ఉన్నంతలో యజమానితో కూర్చుని మాట్లాడి, ఆయన పేరు మీద పెట్టించి, కొన్నేళ్లు కౌలు మార్చనని కాగితం రాయించుకోండి.

డ్రిప్పు: డబ్బు ఎక్కువ, జాగ్రత్త కూడా ఎక్కువ

కేంద్రం 'పర్ డ్రాప్ మోర్ క్రాప్' కింద చిన్న, సన్నకారు రైతులకి 55 శాతం, మిగతావాళ్లకి 45 శాతం ఇస్తుంది, ఒక్కొక్కరికి ఐదు హెక్టార్ల వరకు. దాని మీద రాష్ట్రాలు కలిపి ఇస్తాయి. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ రైతులకి నూటికి నూరు, బీసీలకీ చిన్న, సన్నకారు రైతులకీ 90, మిగతావాళ్లకి 80 శాతం. ఆంధ్రలో ఐదెకరాల లోపు ఎస్సీ, ఎస్టీ రైతులకి నూరు శాతం, మిగతా చిన్న, సన్నకారు రైతులకి 90 శాతం. అంతకన్నా ఎక్కువ భూమి ఉంటే ప్రాంతాన్ని బట్టి తగ్గుతుంది. జీవోలు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు రోజున ఎంత నడుస్తోందో హార్టికల్చర్ ఆఫీసులో లేదా మైక్రో ఇరిగేషన్ ఆఫీసులో ఒకసారి అడగండి.

ఇక్కడ బాగా అర్థం చేసుకోవాల్సింది ఒకటుంది. 90 శాతం అంటే కంపెనీవాళ్లు చెప్పిన ధరలో 90 కాదు, ప్రభుత్వం ఖరారు చేసిన యూనిట్ ధరలో 90. కంపెనీ లెక్క దాన్ని దాటితే ఆ పైది మీరే కట్టాలి. మెయిన్ పైపు కోసం కాలువ తవ్వే కూలి కూడా మామూలుగా రైతు మీదే పడుతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి డ్రిప్, స్ప్రింక్లర్ సామాను మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, బిల్లులో ఎంత వేశారో చూసుకోండి.

దరఖాస్తు పెట్టాక కంపెనీ మనిషి, ఆఫీసు మనిషి వచ్చి పొలం కొలుస్తారు. ఆ రోజు మీరు పొలంలో ఉండి తీరాలి. బోరు ఎక్కడుంది, పొలం ఎటు వాలు, ఏ పంట, వరుసకి వరుసకి ఎంత దూరం, ఇవన్నీ మీ నోటితో చెప్పాలి. లేకపోతే వాళ్లు పక్క పొలం డిజైనే మీకూ వేసి వెళ్లిపోతారు. తర్వాత ఎస్టిమేట్ చేతికి వచ్చినప్పుడు దాన్ని మడిచి జేబులో పెట్టుకోకుండా లేటరల్ పైపు (పంట వరుసల వెంట పరిచే సన్న పైపు) ఎన్ని మీటర్లు రాశారో చూడండి. లెక్క తేలికే: ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. వరుసల మధ్య మీటరున్నర దూరం అయితే 4,047ని 1.5తో భాగించండి, దాదాపు 2,700 మీటర్లు వస్తుంది. 1.2 మీటర్లు అయితే దాదాపు 3,370. ఎనిమిది మీటర్ల దూరంలో మామిడి అయితే ఒక్క వరుస పైపుకి ఐదొందల మీటర్లు చాలు. ఎస్టిమేట్‌లో అంకె దీనికి చాలా దూరంగా ఉంటే ఎందుకని అడగండి. ఒక కట్ట పైపు తక్కువ దింపి వెళ్లినా సంతకం మీదే, నష్టం కూడా మీదే.

మీ వాటా కట్టేటప్పుడు చేతికి డబ్బు ఇవ్వొద్దు. డీడీ గానీ ఆన్‌లైన్‌లో గానీ కట్టి రసీదు తీసుకోండి. మంజూరు ఉత్తర్వు వచ్చేదాకా సామాను దింపుకోవద్దు, సొంతంగా కొనొద్దు. "ముందు వేసేయండి, తర్వాత బిల్లు పెట్టిస్తాం" అనేవాళ్లు ఎంత దగ్గరవాళ్లయినా సరే వద్దనండి. పైపు మీద ఐఎస్ఐ ముద్ర ఉందో లేదో దింపేటప్పుడే చూడండి.

బిగించాక వెంటనే సంతకం పెట్టకండి. మోటారు వేసి, మొదటి లేటరల్‌లో మొదటి డ్రిప్పర్ కింద ఒక గ్లాసు, ఆఖరి లేటరల్‌లో చిట్టచివరి డ్రిప్పర్ కింద ఒక గ్లాసు పెట్టండి. గంటకి నాలుగు లీటర్ల డ్రిప్పర్ అయితే మూడు నిమిషాల్లో 200 మిల్లీలీటర్లు రావాలి. రెండు గ్లాసుల మధ్య తేడా పదో వంతు మించితే ప్రెషర్ సరిపోవడం లేదని అర్థం. డిజైన్ సరిచేయాలి, లేదా వాల్వులు పెంచి పొలాన్ని రెండు భాగాలుగా పారించుకోవాలి. ఇది తేలాకే ఇన్‌స్పెక్షన్ కాగితం మీద సంతకం. కనీసం మూడేళ్లు సర్వీసు చేయాల్సిన బాధ్యత కంపెనీదే కాబట్టి సర్వీసు మనిషి ఫోన్ నంబరు రాసుకుని ఉంచండి. అదే భూమికి మళ్లీ సబ్సిడీ కావాలంటే ఏడేళ్లు ఆగాలి, అందుకే ఈ సెట్టునే ఏడేళ్లు బతికించుకోవాలి. వారానికోసారి ఫిల్టర్ కడగడం, లేటరల్ చివరలు విప్పి మట్టి నీళ్లు వదలడం మానొద్దు. ఉప్పు నీళ్లున్న చోట యాసిడ్ ట్రీట్‌మెంట్ కంపెనీ మనిషితోనే చేయించండి.

నీటి గుంట

ఫారం పాండ్‌ని ఉపాధి హామీ పనుల కింద మీ పొలంలో తవ్వించుకోవచ్చు. జాబ్ కార్డు ఉండాలి, ఇంట్లో ఒకరైనా ఆ పనిలో దిగాలి. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలు, ఆడవాళ్లే ఇంటి పెద్దగా ఉన్న కుటుంబాలు, దివ్యాంగులు ఇంటి పెద్దగా ఉన్నవి, ఇలాంటివాళ్లకి ముందు ఇచ్చి తర్వాత చిన్న, సన్నకారు రైతులకి ఇస్తారు. పనిని గ్రామసభలో రాయించాలి, ఆ జాబితాలో లేకపోతే ఎవరు చెప్పినా పని మొదలవదు. కాబట్టి గ్రామసభ రోజు ఊళ్లో ఉండండి, ఫీల్డ్ అసిస్టెంట్‌కి సర్వే నంబరుతో సహా కాగితం ఇవ్వండి.

గుంట ఎక్కడ తవ్వాలన్నది మీరే తేల్చాలి, గట్టు పక్కన ఖాళీగా ఉందని అక్కడ తవ్వించేస్తే వాన వచ్చినా నిండదు. గట్టి వాన పడుతున్నప్పుడు గొడుగేసుకుని పొలంలోకి వెళ్లి నీళ్లు ఎటు చేరుతున్నాయో చూసి గుర్తు పెట్టుకోండి. నీళ్లు లోపలికి వచ్చే చోట చిన్న గొయ్యి ఒకటి విడిగా ఉంటే మట్టి అక్కడే ఆగిపోతుంది, గుంట పూడదు. నల్లరేగడిలో నీళ్లు బాగానే నిలుస్తాయి, ఎర్ర నేలలో ఇంకిపోతాయి. బోరు పక్కన ఉంటే ఇంకడం కూడా లాభమే, కానీ నిల్వ ఉంచి పంటకి పెట్టుకోవాలంటే ప్లాస్టిక్ షీటు వేయాలి, దానికి ఉద్యాన శాఖ సాయం వేరే ఉంటుంది.

ఎంత నీరు వస్తుందో లెక్క వేసుకుంటే ఆశ ఎక్కువ పెట్టుకోకుండా ఉంటాం. పైన పది మీటర్ల చదరం, మూడు మీటర్ల లోతు, వాలు గోడలతో అడుగున నాలుగు మీటర్ల చదరం ఉన్న గుంటలో సుమారు లక్షా యాభై ఆరు వేల లీటర్లు పడతాయి. ఎకరం పొలం మీద పరిస్తే ఒకటిన్నర అంగుళం తడి, అది కూడా ఎండకి ఆవిరయ్యేది పోకముందు లెక్క. చిన్నగా అనిపించొచ్చు కానీ అనంతపురం వైపు వేరుశనగ ఊడలు దిగే సమయంలో మూడు వారాలు వాన మొహం చాటేస్తే ఆ ఒక్క తడే పంటని నిలబెడుతుంది.

పశువులున్నవాళ్లకి

ఇక్కడ ఐదు రకాల సాయం ఉంది, చిన్నదాని నుంచి వెళ్లండి.

మొదటిది చెవి ట్యాగు. పన్నెండు అంకెల ఆ నంబరు లేకపోతే బీమా లేదు. పశువుల ఆసుపత్రిలో వేయించండి, ఊడిపోతే వెంటనే మళ్లీ వేయించి నంబరు మార్పించండి.

రెండోది బీమా. నేషనల్ లైవ్‌స్టాక్ మిషన్‌లో 2024 మార్పుల తర్వాత రైతు కట్టాల్సింది ప్రీమియంలో 15 శాతమే, మిగతాది కేంద్రం, రాష్ట్రం భరిస్తాయి. దీన్ని మించి చవకైన రక్షణ ఇంకొకటి లేదు, అయినా గేదె చచ్చాకే గుర్తొస్తుంది చాలామందికి. పశువు చనిపోతే పూడ్చకముందే బీమావాళ్లకి, డాక్టరుగారికి ఫోన్ చేయాలి. ట్యాగు కనిపించేలా ఫొటోలు తీయాలి, పోస్ట్‌మార్టం రిపోర్టు తీసుకోవాలి. ట్యాగు తీసేసి, పూడ్చేసి, ఆ తర్వాత క్లెయిమ్ అడిగితే రాదు.

మూడోది పశుపోషణకి కిసాన్ క్రెడిట్ కార్డు. దాణా, మేత, మందుల ఖర్చుకి రెండు లక్షల దాకా వడ్డీ రాయితీ ఉంటుంది. వడ్డీ ఏడు శాతం, గడువులోపు కట్టేస్తే మూడు శాతం వెనక్కి, అంటే నాలుగే. 2025 జనవరి 1 నుంచి రెండు లక్షల దాకా వ్యవసాయ రుణాలకి తాకట్టు అడగకూడదని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. పాల కేంద్రానికి పాలు పోస్తుంటే ఆ పుస్తకం పట్టుకెళ్లండి, మీకు ఆదాయం ఉందనడానికి మేనేజరుకి అంతకంటే మంచి రుజువు లేదు. గడువు తేదీ ఇంట్లో గోడ క్యాలెండర్ మీద రాసిపెట్టండి, ఒక్కరోజు దాటినా ఆ మూడు శాతం పోతుంది.

నాలుగోది ఆంధ్రలో ఉపాధి హామీ కింద కట్టుకునే మినీ గోకులాలు. రెండు, నాలుగు, ఆరు పశువుల షెడ్లు, పశువుల షెడ్డు అయితే రైతు వాటా పది శాతం, గొర్రెలు, మేకల షెడ్డుకి ముప్పై శాతం. దీని దరఖాస్తు ఉపాధి హామీ సిబ్బంది ద్వారా, పశువైద్యుడి సంతకంతో వెళ్తుంది.

ఐదోది పెద్దది, నేషనల్ లైవ్‌స్టాక్ మిషన్ కింద ఫారం పెట్టుకోవడం. 2021లో మార్చిన నిబంధనల ప్రకారం గొర్రెలు, మేకలు, పందులు, నాటు కోళ్లు, పశుగ్రాసం యూనిట్లకి పెట్టుబడిలో సగం సబ్సిడీ. వంద ఆడ గొర్రెలు, ఐదు పొట్టేళ్ల యూనిట్‌కి పది లక్షల దాకా, ఐదొందలు, ఇరవై ఐదు అయితే యాభై లక్షల దాకా. నాటు కోళ్లకి 25, పందులకి 30, సైలేజ్ (పాతర గడ్డి) లాంటి మేత యూనిట్లకి 50 లక్షలు పై పరిమితి. దరఖాస్తు ఉద్యమిమిత్ర పోర్టల్‌లో పెట్టాలి. రాష్ట్ర పశుగణాభివృద్ధి సంస్థ చూసి, బ్యాంకు రుణం ఒప్పుకున్నాక, కేంద్ర శాఖ ఆమోదం వస్తుంది. డబ్బు రెండు సమాన వాయిదాల్లో వస్తుంది, ముందు మీరు, బ్యాంకు కలిసి ఖర్చు పెట్టాకే మొదటి వాయిదా. భూమి కొనడానికి, సొంత వాహనానికి, రోజువారీ ఖర్చులకి ఈ సబ్సిడీ రాదు.

ఆ చివరి మాట దగ్గరే చాలామంది మునుగుతున్నారు. ఈరోజు ఆడ గొర్రెలు కొంటే, కట్టాక ఐదు నెలలకి ఈనుతాయి, పిల్ల అమ్మకానికి రావడానికి ఇంకో మూడు నాలుగు నెలలు. అంటే దాదాపు ఏడాది పాటు రాబడి లేకుండా మేత, కూలి, మందులు, బ్యాంకు వడ్డీ అన్నీ జేబులోంచే. ఆ ఏడాది ఖర్చు చేతిలో లేకపోతే పెద్ద యూనిట్ జోలికి వెళ్లొద్దని గట్టిగా చెబుతున్నాను. ముందు పాతిక గొర్రెలతో సొంతంగా మేపి చూడండి. నెల్లూరు జాతో, మాచర్ల జాతో, దక్కనీయో మీ ప్రాంతానికి తట్టుకునేది ఎంచుకోండి. తొలకరికి ముందే చిటుక రోగం టీకా, నీలినాలుక టీకా, పీపీఆర్ (పారుడు రోగం) టీకా వేయించండి. మేత కోసం ఎకరమో రెండెకరాలో సూపర్ నేపియర్, హెడ్జ్ లూసర్న్ పెంచండి. అది నిలబడ్డాక దరఖాస్తు పెడితే బ్యాంకులో మేనేజరు అడిగే ప్రతి ప్రశ్నకీ మీ దగ్గర జవాబు ఉంటుంది. ప్రాజెక్ట్ రిపోర్ట్ రాసిస్తామని, సబ్సిడీ ఇప్పిస్తామని కమీషన్ అడిగేవాళ్లు ఫోన్లు చేస్తారు. రిపోర్ట్ రాయించుకుంటే దానికి ఫీజు ఇవ్వండి, సబ్సిడీలో వాటా మాత్రం ఎవరికీ ఒప్పుకోకండి.

సోలార్ మోటారు కావాలనుకునేవాళ్లకి పీఎం కుసుమ్ ఉంది, ఏడున్నర హెచ్‌పీ దాకా కేంద్రం 30, రాష్ట్రం 30 శాతం, మిగతాది రైతుది. ప్రకృతి వ్యవసాయం వైపు వెళ్లాలనుకుంటే ఆంధ్రలో రైతు సాధికార సంస్థ మనుషులు ఊళ్లోనే దొరుకుతారు. వానలకి ముందే నవధాన్యాలు చల్లి నేలని ఖాళీగా ఉంచకపోవడం దగ్గర మొదలుపెట్టండి, దానికి విత్తనాల ఖర్చు తప్ప ఇంకేం అక్కర్లేదు.

ఫైలు ఆగిపోతే

దరఖాస్తు పెట్టిన ప్రతిచోటా నంబరు, తేదీ, తీసుకున్న ఉద్యోగి హోదా రాసుకోండి. నెల దాటినా కదలకపోతే ముందు వెళ్లి మర్యాదగా అడగండి, ఏ కాగితం లేక ఆగిందో కాగితం మీద రాసివ్వమనండి. సగం సార్లు అక్కడే తేలిపోతుంది. తేలకపోతే సోమవారం కలెక్టరేట్‌కి వెళ్లండి, అక్కడ అర్జీలు తీసుకునే కార్యక్రమాన్ని ఆంధ్రలో పీజీఆర్ఎస్ అని, తెలంగాణలో ప్రజావాణి అని అంటారు. అర్జీ ఒక పేజీ మించకూడదు, దరఖాస్తు నంబరు పైనే రాయండి, జెరాక్సులు జత చేయండి, రసీదు లేకుండా బయటికి రాకండి. అప్పటికీ కాకపోతే సమాచార హక్కు చట్టం కింద "నా దరఖాస్తు మీద ఏ తేదీన ఎవరు ఏ నిర్ణయం తీసుకున్నారు, ఆ పేజీల నకళ్లు ఇవ్వండి" అని అడగండి. ఫీజు పది రూపాయలు మించదు, తెల్ల రేషన్ కార్డు ఉంటే అదీ లేదు. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. రాకపోతే ఆ తర్వాతి ముప్పై రోజుల్లోపు అదే శాఖలో పై అధికారికి మొదటి అప్పీలు పెట్టండి, దానికి మొదటి దరఖాస్తు రసీదు జెరాక్సు జత చేయడం మర్చిపోకండి.